రంపె అంటే ఎవరు కొంటారండీ?

మిత్రులారా, పోయిన వారం రోస్టర్ పాయింట్ల మీద రాస్తానని మాటిచ్చాను. ఈ వారం అది రాయడం లేదు. మధ్యలో ఒక కత్తి అడ్డమొచ్చింది.

భయపడకండి, చిన్న కత్తే. నా అరచేతికి అడ్డంగా పెడితే మొన కొంచెం బయటికి కనిపిస్తుంది, అంతే. ఇప్పుడు ఇది రాస్తున్న బల్ల మీదే ఉంది. పక్కన దానికంటే యాభై అరవై ఏళ్లు పెద్దదైన ఇంకో కత్తి ఉంది. ఈ రెండింటి కథ చెప్తాను. కొంచెం పొడుగు. ఓపిక చేసుకోండి.

కొత్తపేటలో మా పేటకీ బజారుకీ మధ్య ఒక కమ్మరి కొలిమి ఉంది. ఊళ్లో అందరూ ఆయన్ని ఆచారి గారు అనే పిలుస్తారు. డెబ్భై దాటాయి. కొబ్బరి బొండాలు చెక్కే కత్తి, కల్లుగీత కత్తి, కొడవలి, గొడ్డలి, గునపానికి మొన, ఇవే ఆయన జీవితం. సంక్రాంతికి ముందు ఒక నెల కోడికత్తులు. మా కోనసీమలో పండగ ముందు పోలీసులు కోడికత్తులు పట్టుకోవడం, కత్తులు కట్టేవాళ్లని బైండోవర్ చేయడం ఏటా పేపర్లో వచ్చే వార్తే. బరులు మాత్రం ఆగవు. ఆచారి గారు ఒక ఏడు ఆ తిప్పలు పడి, ఇక వద్దనుకుని కోడికత్తులు మానేశారు. బొండాల కత్తులేమో మిషన్‌వి వచ్చాయి. సగం ధరకి దొరుకుతాయి, షాపుల్లో మేకులకి వరసగా వేలాడుతుంటాయి. కొలిమి వారానికి మూడు రోజులు వెలిగితే గొప్ప.

ఆయన మనవడు హైదరాబాద్‌లో ఉద్యోగం. కిందటేడు పండక్కి వచ్చి, ఫోన్‌లో జేబులో పెట్టుకునే మడత కత్తుల వీడియోలు చూపించాడట. "తాతా, ఇలాంటివి చెయ్యి, ఆన్‌లైన్‌లో నేను అమ్ముతాను" అన్నాడట. డెబ్భై ఏళ్ల మనిషి, మడత కత్తి ఎప్పుడూ చెయ్యలేదు. అయినా కూర్చున్నాడు. మూడు వారాలు దాని మీదే. రివిటు బిగిస్తే కత్తి తెరుచుకోదు, వదులు చేస్తే ఊగుతుంది. స్ప్రింగు రెండుసార్లు విరిగింది. ఆఖరికి అన్నీ పక్కన పడేశాడు. మడత వద్దు. స్ప్రింగు వద్దు. చెక్క పిడి కూడా వద్దు.

లారీ కమాన్ పట్టీ ముక్క ఒకటి తీసుకుని ఒకే బద్దగా సాగదీశాడు. ఒక చివర ఏటవాలుగా కోసి పదును. రెండో చివర వంచి కన్నంలాగా చుట్టాడు, తాడు దూర్చుకోవడానికి. పట్టుకునే చోట ముందు కొబ్బరి తాడు చుట్టాడు, కోనసీమ అని. అది అరచేతిని గీరుతోంది. విప్పేసి నూలు తాడు చుట్టాడు.

పదును ఒక వైపే. రెండో వైపు పలకలాగా చదును. ఎందుకని అడిగాను. "రెండు వైపులా పట్టడానికి చెయ్యి తిరగాలండీ. ఇదైతే చదును వైపు ఎలాగుందో అలా వదిలేసి, ఒక్క వైపే సానరాయి మీద రుద్దుకుంటే చాలు. చదువుకునే పిల్లలైనా పెట్టుకోవచ్చు. ఆయ్."

నీరు పెట్టడం కూడా చూశాను. కమాన్ ఉక్కు ఎర్రగా కాలాక నూనెలో ముంచితే గట్టిపడుతుంది, కానీ గాజులాగా పెళుసవుతుంది. అలాగే వదిలేస్తే అంచు పలుకులు పలుకులుగా ఊడిపోతుంది. అందుకని మళ్లీ సన్న సెగ మీద పెట్టి, తోమిన చోట ఎండుగడ్డి రంగు వచ్చేదాకా చూసి తీస్తారు. రంగు నీలానికి తిరిగిందంటే అంచు మెత్తబడినట్టే. థర్మామీటర్ లేదు. కళ్లే. మన యూనివర్సిటీల్లో దీన్ని జ్ఞానం అనరు, 'స్కిల్' అంటారు. ఆ గొడవ ఇంకో వారం.

ఇంతవరకూ ఇది ఆయన కథ. మా కథ ఒరతో మొదలైంది.

జేబులో పెట్టుకునే కత్తికి ఒర కావాలి. ఒరకి తోలు కావాలి. తోలు కుట్టే చెయ్యి కావాలి. ఒక ఆదివారం పొద్దున్నే ఆచారి గారు మా ఇంటికి వచ్చారు. నాకు తెలిసి ఆయన మా గుమ్మం దాకా రావడం అదే మొదటిసారి. అమ్మ కుర్చీ వేసింది. నాన్న అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు. నేను "కూర్చో నాన్నా" అన్నాను. ఇద్దరూ కూర్చున్నారు. ఇది చిన్న విషయంలా అనిపిస్తే, మీరు ఊళ్లో పెరగలేదని అర్థం.

ఇంకోటి కూడా చెప్పాలి. ఆచారి గారు నన్ను "మేడం గారూ" అంటారు. మా నాన్నని "ఒరే" అనేవారు. ఆ రోజు ఏమనాలో తెలియక ఏ పిలుపూ లేకుండానే మాట్లాడారు. "ఒర కుట్టాలి... తోలు నేను తెప్పిస్తాను... ఒక ఇరవై..." అని.

నాన్న తోలుపని మానేసి నలభై ఏళ్లు. ఆయన మానేయడం అంటే రిటైరవడం కాదు. చచ్చిన గొడ్డుని ఇక లాగనని ఒక రోజు చెప్పాడు. ఆ ఏడాది కళ్లంలో మాకు మేర కొలవలేదు. నాన్న కొబ్బరి దింపుకి పోయాడు, లారీలకి కాయలు ఎత్తాడు, నన్ను చదివించాడు. తాతల నాటి ఆరె, గూటం ఎక్కడ పోయాయో తెలియదు. లంద ఉండే చోట ఇప్పుడు మా మరుగుదొడ్డి ఉంది. తోలు వాసన లేని ఇల్లు అన్నది మా నాన్న సాధించుకున్న స్వాతంత్ర్యం. ఇప్పుడు నేను, ఆయన కూతుర్ని, డాక్టరేట్ ఉన్నదాన్ని, "మన వృత్తి సంస్కృతి" అని మురిసిపోతూ మళ్లీ తోలు పట్టమని ఎలా అడుగుతాను? అడగలేదు. నాన్నే చెప్పాడు. "కుట్టనండి ఆచారి గారూ. చేతులు మర్చిపోయాయి."

చేతులు మర్చిపోలేదు. ఆ కత్తిని చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, చదును వైపు బొటనవేలితో రాసి చూసి, "ఇది రంపె కదండీ" అన్నాడు.

లోపలికెళ్లి ట్రంకు పెట్టె తీశాడు. అమ్మ పాత చీరలో చుట్టి ఉంది. అన్నీ పోయినా అదొక్కటి దాచాడని నాకూ ఆ రోజే తెలిసింది. రంపె. చెప్పులు కుట్టేవాళ్లు తోలు కోయడానికి, అంచు పల్చగా చెక్కడానికి వాడే కత్తి. ఒకే బద్ద. ఒక వైపే పదును, రెండో వైపు చదును. పిడి లేదు, పట్టుకునే చోట గుడ్డ చుట్టిన గుర్తు. తోలుని చెక్కేటప్పుడు చదును వైపు తోలుకి ఆనుకుని జారాలి, లేకపోతే కన్నం పడుతుంది. అందుకే ఒక వైపు పదును. మా తాత ముత్తాతలు ఏ డిజైన్ స్కూల్లోనూ నేర్చుకోలేదు, తోలు నేర్పింది.

రెండూ అరుగు మీద పక్కపక్కన పెట్టాం. పాతది వెడల్పు, పదును చివరన అడ్డంగా ఉంటుంది. కొత్తది సన్నం, పదును ఏటవాలు. తల్లీ పిల్లా లాగున్నాయి.

ఆచారి గారు పాత రంపెని చాలాసేపు చూశారు. దాని మీద సుత్తి దెబ్బల జాడ చూశారు. "ఇది మా నాన్న చేతి పనండీ" అన్నారు. నాన్న అవునన్నాడు. మా తాత వాళ్ల కొలిమికి తిత్తి కుట్టిచ్చాడట. దానికి బదులుగా వాళ్ల నాన్న ఈ రంపె చేసిచ్చాడట. డబ్బు చేతులు మారలేదు.

మీరు ఆగి ఒక్కసారి ఆలోచించండి. కరెంటు బ్లోయర్ రాకముందు, చక్రం తిప్పే గాలి మిషన్ రాకముందు, కొలిమికి ఊపిరి తోలు తిత్తి. ఆ తోలు మాదిగ లందలో ఊరింది. ఊళ్లో నాగలి కర్రు కాలిందన్నా, గొడ్డలి పదునెక్కిందన్నా, మా తాత కుట్టిన తిత్తి గాలి ఊదితేనే. కొలిమి ఊళ్లో ఉంది, తిత్తి ఊరి బయట నుంచి వచ్చింది. తిత్తిని లోపలికి రానిచ్చారు. కుట్టినవాడిని రానివ్వలేదు.

ఆచారి గారు నవ్వి ఒక మాట అన్నారు. "చేతికి తెలిసే ఉంటుందండీ. నాకే తెలియలేదు." చిన్నప్పుడు వాళ్ల నాన్న రంపెలు సాగదీస్తుంటే ఆయనే తిత్తి తొక్కేవాడట. మడత కత్తి చేతకాక 'కొత్తగా, తేలిగ్గా' చేద్దామనుకున్నప్పుడు, ఆ చెయ్యి తనకి తెలిసిన తేలిక దగ్గరికే వెళ్లింది. ఆ తేలిక మాది.

ఆ రోజు చాలా సంతోషంగా ఉన్నాను. కథ ఇక్కడ ఆపేస్తే 'కులాలు కలిసిన కొలిమి' అని మంచి పోస్టు అయ్యేది. వెయ్యి లైకులు వచ్చేవి.

తర్వాతి వారం మనవడు ఫోన్ చేశాడు. కత్తితో పాటు ఒక చిన్న కార్డు పెడతాడట. దాని మీద ఐదారు లైన్లు తెలుగులో కావాలి. "మీరు తెలుగు డాక్టర్ కదా అక్కా" అన్నాడు. రాసిచ్చాను. పైన పేరు: రంపె. కింద: ఇది చెప్పులు కుట్టే మాదిగల చేతి కత్తి నుంచి వచ్చిన రూపం, కొత్తపేట కమ్మరి కొలిమిలో లారీ కమాన్ పట్టీతో చేసింది, ఒక వైపే పదును పెట్టుకోండి, తడి తుడిచి దాచుకోండి. అంతే. కవిత్వం లేదు.

కొలిమి దగ్గర ఆచారి గారు కళ్లజోడు పెట్టుకుని కార్డు చదివారు. రెండుసార్లు చదివారు. "బాగుందండీ. ఆయ్. చాలా బాగుంది." కొంచెం ఆగి, "కానీ రంపె అంటే ఎవరు కొంటారండీ?" అన్నారు.

మనవడు వేరే పేర్లు అనుకున్నాడట. కోనసీమ చాకు. యోధ. రాజసం. నేనడిగాను, "రంపెలో తప్పేముందండీ?" "తప్పని కాదండీ. కత్తి మంచిదే. మీ నాన్న చెప్పిందీ నిజమే. పేరు దగ్గర గొడవెందుకని."

పేరు దగ్గర గొడవెందుకు. ఈ మాట నేను ఇంతకుముందు విన్నాను. మీరూ విన్నారు.

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేరుస్తూ ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది. మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. జిల్లాలో ఇంటర్నెట్ ఆపేశారు. ఆ రోజుల్లో నాతో బాగా మాట్లాడే మనుషులే, చదువుకున్నవాళ్లే, ఎంత మర్యాదగా చెప్పారో: "అంబేద్కర్ గారంటే మాకూ గౌరవమేనండి. కానీ కోనసీమ అన్న పేరు బాగుంది కదా, మధ్యలో ఇది ఎందుకని." ఆయన రాసిన రాజ్యాంగం కావాలి. అది ఇచ్చిన ఓటు కావాలి. పేరు మాత్రం బోర్డు మీద వద్దు. ఆ ఏడాదే ఆ పేరు ఖాయమైంది, ఈరోజు మన జిల్లా పేరు అదే. అయినా బస్సులో, పెళ్లి కార్డుల్లో, షాపుల బోర్డుల మీద చూడండి, ఎంతమంది పూర్తిగా రాస్తున్నారో.

కార్డు చేతిలో పట్టుకుని కొలిమి ముందు నిలబడ్డప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. రూపం తీసుకుంటారు. పదును తీసుకుంటారు. పేరు దగ్గర ఆగుతారు.

మనవడు మొదట చూపించిన వీడియోల్లో ఒకటి జపాన్ కత్తిది. దాని గురించి వెతికి చదివాను. హిగోనోకామి అంటారు. 1876లో జపాన్ ప్రభుత్వం సమురాయ్‌లు బహిరంగంగా కత్తులు ధరించడాన్ని నిషేధించింది. ఆ తర్వాత కత్తులు చేసే కమ్మరులు చాలామంది పనిముట్ల మీద పడ్డారు. 1890ల్లో మికి అనే ఊళ్లో ఈ కత్తి పుట్టింది. మడిచిన రేకు పిడి, స్ప్రింగు లేదు, తాళం లేదు. చాలా చవక. బడిపిల్లలు పెన్సిళ్లు చెక్కుకోవడానికి జేబులో పెట్టుకునేవాళ్లు. 1960లో పదిహేడేళ్ల కుర్రాడు ఒకడు సోషలిస్టు నాయకుడు అసనుమాని వేదిక మీదే పొడిచి చంపాడు. అది వేరే కత్తి, సమురాయ్‌ల పొట్టి కత్తి. కానీ పిల్లల చేతుల్లో ఏ కత్తీ ఉండకూడదని ఉద్యమం లేచింది. హిగోనోకామి దెబ్బతింది. ఇప్పుడు అసలు పేరుతో చేసే కార్ఖానా ఒక్కటే మిగిలింది.

నన్ను ఆపింది దాని పేరు. హిగోనోకామి అంటే హిగో సీమకి అధిపతి అని. పెన్సిలు చెక్కే రేకు కత్తికి దొర బిరుదు పెట్టారు! ఎవరూ నవ్వలేదు, ఎవరూ గొడవ చెయ్యలేదు. పనివాడి కత్తికి ప్రభువు పేరు పెట్టొచ్చు. పనివాడి కత్తికి పనివాడి పేరు పెడితే అమ్ముడుపోదు.

ఇంకో సంగతి. 2018 అక్టోబర్‌లో విశాఖపట్నం ఎయిర్‌పోర్టులో అప్పటి ప్రతిపక్ష నాయకుడి మీద కోడికత్తితో దాడి జరిగింది. నిందితుడు మన ఠాణేలంక దళిత కుర్రాడు. కేసు తప్పొప్పులు కోర్టు తేలుస్తుంది, నేను కాదు. కానీ 2024 ఫిబ్రవరిలో హైకోర్టు బెయిలిచ్చేదాకా ఐదేళ్లకు పైగా అతను విచారణ ఖైదీగానే ఉన్నాడు. పేపర్లూ టీవీలూ అతని ఇంటిపేరు తీసేసి 'కోడికత్తి' అని పెట్టాయి. ఒక్క రోజులో. ఎవరూ "పేరు దగ్గర గొడవెందుకు" అనలేదు. బరిలో కోట్లు తిప్పేవాళ్ల ఇంటిపేరు కోడికత్తి కాలేదు.

చూశారా? కత్తి పేరు మనకి అంటించడానికి ఎవరూ ఆలోచించరు. మన పేరు కత్తికి పెట్టాలంటేనే ఆలోచిస్తారు.

నా భయం కూడా దాచకుండా చెప్తాను. ఈ కత్తి బ్యాగులో వేసుకుని కాలేజీకి వెళ్లాను. స్టాఫ్ రూమ్‌లో జామకాయ కోస్తుంటే ఒకాయన నవ్వుతూ, "మేడం గారు కత్తి తెచ్చారు, ఇక జాగ్రత్తగా మాట్లాడాలి" అన్నాడు. ఆయన తాళాల గుత్తికి స్విస్ కత్తి వేలాడుతుంటుంది. దాన్ని చూసి ఇంతవరకూ ఎవరూ జాగ్రత్త పడలేదు. మా విద్యార్థులు ఇద్దరు "మేడం, మాకూ ఒకటి" అన్నారు. వద్దన్నాను. చట్టం గుర్తొచ్చి కాదు. ఆయుధాల నిబంధనల్లో లెక్కకొచ్చే కత్తి 9 అంగుళాల కన్నా పొడవో, 2 అంగుళాల కన్నా వెడల్పో ఉండాలి, ఇంటి పనికీ పొలం పనికీ చేసినవి అందులోకి రావు. ఇది 4 అంగుళాలు లేదు. నాకు గుర్తొచ్చింది చట్టం కాదు, సంచి వెతికే మనిషి. అదే కత్తి ఒక కుర్రాడి సంచిలో దొరికితే పనిముట్టు, ఇంకో కుర్రాడి సంచిలో దొరికితే సాక్ష్యం. 1936లో 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ చెప్పింది ఇదే కదా: కింది కులాలు ఎందుకు తిరగబడలేదంటే వాళ్లకి చదువూ దక్కలేదు, ఆయుధమూ దక్కలేదు. కారంచేడులో, చుండూరులో ఆయుధాలు ఎవరి చేతుల్లో ఉన్నాయో మనకి తెలుసు. అయినా కత్తి అనగానే లోకం భయంగా చూసేది మన వైపే.

ఆచారి గారి మీద నాకు కోపం లేదు. ఆయన్ని దుర్మార్గుడిగా రాస్తే నా పని తేలిక అవుతుంది, అబద్ధం అవుతుంది. ఆయన కూడా కళ్లంలో మేర కోసం నిలబడ్డవాడే. పెద్ద రైతుల పిల్లలు ఆయన్ని, వాళ్ల తాత వయసు మనిషిని, "ఏరా కమ్మరీ" అన్న రోజులున్నాయి. ఆయన భయం ఇరవై కత్తులు అమ్ముడుపోవని. నలభై ఏళ్ల కిందట మా నాన్న వదిలేసిన పేరు, నేను తిరిగి తలకెత్తుకున్న పేరు, ఆయన కొట్టు మీద ఎందుకు పడాలి అన్నది ఆయన ప్రశ్న. మెట్ల అసమానత అని మనం క్లాసుల్లో చెప్పేది ఇలాగే పనిచేస్తుంది. పై మెట్టు మీదవాడు ఏమీ అనక్కర్లేదు. మధ్య మెట్టు మీదవాడు ముందే సర్దుకుంటాడు.

మా నాన్న కూడా నాతో వాదించాడు. "ఆ పేరు నుంచే కదమ్మా నిన్ను బయటికి తెచ్చింది." నేను చెప్పాను, "పని నుంచి బయటికి తెచ్చావు నాన్నా. అవమానం నుంచి తెచ్చావు. తెలివి వదిలేయమని నాకు చెప్పలేదు." నాన్న ఏమీ అనలేదు. సాయంత్రం పాత క్యాలెండర్ కాగితం పరిచి, రంపెతో ఒర ఆకారం కోశాడు. గీత గీయలేదు, కొలత పెట్టలేదు. నా చేతికిచ్చి, "కుట్టను. కానీ కొలత ఇది. కుట్టేవాళ్లని వెతుక్కోమను" అన్నాడు. ఆ కాగితం మీద కత్తి పెడితే అంచుకి అంచు సరిపోయింది.

కాగితం ఆచారి గారికి ఇచ్చాను. ఒక షరతు పెట్టాను: కొలత వాడుకుంటే పేరు వాడుకోవాలి. చాలాసేపు మాట్లాడలేదు ఆయన. చివరికి, "పది కార్డులు మీ పేరుతో, పది మావాడి పేరుతో. చూద్దామండీ" అన్నారు. 'మీ పేరు' అన్నారు. మన పేరు అనలేదు. అయినా పది పదే. నిన్నటికి రెండు కట్టలూ కొలిమి గూట్లోనే ఉన్నాయి. ఏది ముందు అయిపోతుందో నాకు తెలియదు. మీకు చెప్తాను.

ఈలోగా ఒక పని. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో సాహిత్య అకాడమీ వ్యవసాయ వృత్తి పదకోశం తెచ్చింది. ఊరూరా తిరిగి రైతు పనిముట్ల పేర్లు, వాటి భాగాల పేర్లు పోగుచేశారు. గొప్ప పని. ఆ పద్ధతి మనకి ఎవరో వచ్చి చేసిపెట్టే దాకా ఆగక్కర్లేదు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఇంట్లో అటక మీద, ట్రంకు పెట్టెలో, అమ్మమ్మ చీరలో చుట్టి ఏముందో చూడండి. దాని పేరేంటో పెద్దవాళ్లని అడగండి. ఏ పనికి వాడారో, ఎవరు చేసిచ్చారో, బదులుగా ఏమిచ్చారో అడగండి. వాళ్లు మళ్లీ ఆ పని చెయ్యాలని అడగకండి. పేరు మాత్రం అడగండి. కామెంట్లలో రాయండి, ఒక్కొక్కటీ రాసిపెడతాను.

మొదటి మాట నేను రాస్తున్నాను. రంపె.

రోస్టర్ పాయింట్లు వచ్చే వారం, ఖాయం.

జై భీమ్.